నలుగురిలో బెదురు – మెదడు పటాలు

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



పోయిన శ్రావణమాసంలో మా ఆడపడుచు ఇంట్లో వరలక్ష్మీవ్రతం పేరంటానికి వెళ్ళాను. పాతికమంది దాకా వచ్చారు. తాంబూలాలిచ్చే వేళకు ఎవరో "అమ్మాయి ఏదీ? పసుపు రాయడానికి పిలవండి" అన్నారు. అమ్మాయి రాలేదు. తలనొప్పిట, వెనకగదిలో పడుకుందిట. "ఇంజనీరింగు చదువుతోందిగా, మనతో ఏం మాట్లాడుతుందిలెండి" అని ఒకావిడ. "ఈ కాలం పిల్లల పొగరే వేరు" అని ఇంకొకావిడ. పాపం, మా ఆడపడుచు మొహం ఇంతయిపోయింది.

నేను లేచి లోపలికి వెళ్ళి చూద్దును కదా, పిల్ల మంచం చివర బిగుసుకుని కూర్చునుంది. చెయ్యి పట్టుకుంటే మంచుముక్కలా ఉంది. జాకెట్టు వీపంతా చెమట. పట్టుపరికిణీ కట్టుకుంది, జడలో పూలు పెట్టుకుంది. అంటే రావాలనే తయారైంది. "గుమ్మం దాకా నాలుగుసార్లు వచ్చాను అత్తయ్యా. పసుపు రాస్తుంటే చెయ్యి వణుకుతుంది. అందరూ చూస్తారు" అంది, గొంతు పెగల్చుకుని.

దాన్ని పొగరంటామా చెప్పండి!

పేరంటం ముగిసి అందరూ వెళ్ళాక మా ఆడపడుచు బీరువాలోంచి ఒక ఫైలు తీసింది. మెదడు పటం తీసి మనసులోని జబ్బు కనిపెడతామని ఎక్కడో బోర్డు చూసి, పిల్లని తీసుకువెళ్ళారట. తలకు టోపీలాంటిది తొడిగి, జుట్టులో జిగురు పూసి, అరగంట కూర్చోబెట్టారట. ఫైలునిండా తలకాయ బొమ్మలు. వాటిమీద ఎరుపు, పసుపు, నీలం మరకలు. హోలీ ఆడినట్టుంది. ఇరవైసార్లు రావాలి, డబ్బు మాత్రం ముందే కట్టాలి అన్నారట.

"వదినా, నువ్వు కాలేజీలో ఇన్నేళ్ళు సైకాలజీ చెప్పావు కదా. ఈ ఎర్రగా ఉన్నచోట ఏముందో కాస్త చూసి చెప్పు. దీని మెదడులోనే లోపం ఉందంటావా?" అని అడిగింది. అడుగుతుంటే ఆవిడ కళ్ళలో నీళ్ళు.

నేను డాక్టరును కాను. పాఠాలు చెప్పుకుని బతికినదాన్ని. అయినా ఆ రోజు ఆవిడకు చెప్పిన జవాబునే ఇవాళ మీకు కాస్త విడమరిచి చెబుతాను. ఎందుకంటే ఇలాంటి ఫైళ్ళు ఇంకా చాలా బీరువాల్లో ఉండి ఉంటాయని నా అనుమానం.

ముందు ఈ బెదురు సంగతి చూద్దాం. సభాకంపం అనే మాట మనకు కొత్తదేమీ కాదు. ఈ మైకు ముందు నేను మొట్టమొదటిసారి కూర్చున్నప్పుడు చేతిలో కాగితం గలగలలాడిన చప్పుడు కూడా రికార్డయింది! అది ఒక పూట ముచ్చట. రెండు నిమిషాలు మాట్లాడాక సర్దుకుంటుంది. కొందరికి ఈ కంపం రావడానికి సభే అక్కర్లేదు. నలుగురు చూస్తుండగా కాఫీకప్పు ఎత్తాలన్నా, బ్యాంకులో సంతకం పెట్టాలన్నా, తెలియనివాళ్ళకు ఫోను చెయ్యాలన్నా, ఇంటికొచ్చిన చుట్టాన్ని "ఎప్పుడొచ్చారండీ" అని పలకరించాలన్నా గుండె దడదడలాడుతుంది, నోరు ఎండిపోతుంది, మొహం వేడెక్కిపోతుంది. ఎదుటివాళ్ళు నన్ను తూకం వేస్తున్నారు, నేను తేలిపోతాను, నవ్వులపాలవుతాను అన్న భయం అడుగున ఉంటుంది. పెళ్ళి పిలుపు వచ్చిన దగ్గర్నుంచి దిగులు. వెళ్ళొచ్చాక మళ్ళీ వారం రోజులు "అయ్యో, అలా అన్నానేమిటి" అని నెమరువేత. ఇది ఆరునెలలకు పైగా సాగి, చదువుకో ఉద్యోగానికో సంసారానికో అడ్డుపడుతుంటే డాక్టర్లు దీన్ని సిగ్గు ఖాతాలోంచి తీసి జబ్బు ఖాతాలో వేస్తారు. ఇంగ్లీషులో సోషల్ ఏంగ్జైటీ అంటారు.

ఈ భయాన్ని మిగతా భయాలనుంచి విడదీసి చూపినవారు లండనులో పనిచేసిన ఐజాక్ మార్క్స్, మైకేల్ గెల్డర్ అనే ఇద్దరు వైద్యులు, 1966లో. కుక్కలంటే, పురుగులంటే భయం చిన్నతనంలోనే మొదలవుతుంది. నలుగురంటే భయం యుక్తవయస్సు వచ్చే రోజుల్లో తలెత్తుతుంది అని వాళ్ళు గమనించారు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తమ రోగనిర్ణయ గ్రంథంలో దీనికి వేరే పేరు పెట్టింది. మన పిల్లలు ఎనిమిదో తరగతో తొమ్మిదో తరగతో చదివే వయస్సు చూడండి. అప్పటిదాకా గలగలా మాట్లాడిన పిల్ల హఠాత్తుగా మూగనోము పడితే "పెద్దదవుతోంది, అణకువ వచ్చింది" అని మనం మురిసిపోతాం కూడాను! ఒక్కో దేశంలో దీని రూపం ఒక్కోలా ఉంటుంది. జపానులో కొందరికి తాము నవ్వులపాలవుతామని కాక, తమ చూపువల్లో తమ ఒంటి వాసనవల్లో ఎదుటివాళ్ళకు ఇబ్బంది కలుగుతుందేమోనని బెంగ. దానికి వాళ్ళు టైజిన్ క్యోఫుషో అని ప్రత్యేకంగా ఒక పేరే పెట్టుకున్నారు.

ఇక పటాల సంగతి. మెదడు పటం అంటే ఒకే రకం అనుకోకండి. 1930ల్లో కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే శస్త్రవైద్యుడు మూర్ఛరోగులకు ఆపరేషన్ చేసేటప్పుడు, రోగి మెలకువగా ఉండగానే, మెదడు మీద అక్కడక్కడ సన్నటి విద్యుత్తు తాకించి చూసేవాడు. వినడానికి ఒళ్ళు జలదరిస్తుంది గాని మెదడుకు సొంతంగా నొప్పి తెలియదు. పైచర్మానికి మత్తు ఇస్తే చాలు. ఒకచోట తాకిస్తే బొటనవేలు కదిలేది, ఇంకొకచోట తాకిస్తే పెదవి జివ్వుమనేది. అలా గుర్తులు పెట్టుకుంటూ పోతే పటం తయారైంది. అందులో వీపంతటికీ ఉన్న చోటు కంటే పెదవులకూ చేతివేళ్ళకూ ఉన్న చోటు ఎంతో ఎక్కువ అని తేలింది.

పుర్రె తెరవకుండా చూసే దారి వెతికినవాడు జర్మనీలోని యేనా నగరపు వైద్యుడు హాన్స్ బెర్గర్. ఈయన కథ వింటే మీరు నవ్వుకుంటారు. కుర్రతనంలో సైన్యంలో ఉండగా గుర్రం మీంచి పడి చావు తప్పించుకున్నాడు. ఆ రోజే ఎక్కడో దూరాన ఇంట్లో ఉన్న ఆయన తోబుట్టువు మనసు కీడు శంకించి, తండ్రి చేత టెలిగ్రాం ఇప్పించింది. ఇది ఎలా సాధ్యమైంది, మెదడులోంచి ఏవైనా తరంగాలు ప్రయాణిస్తాయా అని ఆయనకు పట్టుకుంది. ఆ తరంగాలైతే దొరకలేదు గాని, 1924లో మనిషి మెదడులోని విద్యుత్తు అలలను మొదటిసారి కాగితం మీదికి ఎక్కించాడు. తప్పేమోనని అనుమానపడుతూ, సొంత కొడుకు తలమీద కూడా మళ్ళీ మళ్ళీ పరీక్షించి, అయిదేళ్ళ తర్వాత 1929లో గాని ప్రకటించలేదు. అదే ఇ.ఇ.జి. మా మేనకోడలికి టోపీ పెట్టి తీసినది ఈ జాతిదే. మూర్ఛ కనిపెట్టడంలో ఈ పరీక్ష చాలా విలువైనది. దానిని నేను తక్కువ చేయడం లేదు.

మూడోది ఫంక్షనల్ ఎం.ఆర్.ఐ. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో సీజీ ఒగావా 1990లో దీనికి పునాది వేశాడు. మెదడులో పని ఎక్కువ చేస్తున్న భాగానికి ప్రాణవాయువున్న రక్తం ఎక్కువ పారుతుంది. ఆ తేడాను పెద్ద అయస్కాంతం పసికడుతుంది. ఇది బోధపడాలంటే పాతకాలపు ఇళ్ళలో వాకిట్లో వరసగా ఉండే కరెంటు మీటర్లను గుర్తుచేసుకోండి. ఏ వాటా మీటరు గిర్రున తిరుగుతోందో బయటినుంచే తెలుస్తుంది. కాని లోపల గ్రైండరు వేశారో, ఇస్త్రీ చేస్తున్నారో, నీళ్ళు కాస్తున్నారో మీటరు చెప్పదు. మెదడు పటం కూడా అంతే. కరెంటు ఎక్కడ కాలుతోందో చెబుతుంది. ఎందుకో మనం ఊహించుకోవాలి. ఈ మీటరు మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఈ పటాలలో భయం సంగతి వచ్చినప్పుడల్లా పదేపదే కనిపించే చోటు ఒకటుంది. చెవులకు సూటిగా లోపల, కుడివైపొకటి ఎడమవైపొకటి, బాదంగింజంత ఉంటుంది. పేరు అమిగ్డలా. గ్రీకుభాషలో బాదం అనే అర్థం. చీకట్లో తాడును చూసి పామనుకుని గెంతుతాం కదా, వేదాంతులు వెయ్యేళ్ళుగా చెబుతున్న ఉపమానమే. ముందు గెంతుతాం, తర్వాత "ఓస్, తాడు" అంటాం. న్యూయార్క్ శాస్త్రవేత్త జోసెఫ్ లెడూ దీన్ని ఇలా వివరించాడు: కంటికీ చెవికీ తగిలిన సంగతి రెండు దారుల్లో వెళుతుంది. అడ్డదారిన తిన్నగా అమిగ్డలాకు చేరేది ఒకటి. మెదడు పైపొర దాకా వెళ్ళి, నిదానంగా విచారించుకుని వచ్చేది రెండవది. గెంతించేది మొదటి దారి, నవ్వించేది రెండవది.

అమిగ్డలా లేకపోతే ఏమవుతుంది? అమెరికాలో ఒక మహిళకు అరుదైన వ్యాధివల్ల రెండువైపులా అవి పాడైపోయాయి. గ్రంథాల్లో ఆమెను ఎస్.ఎం. అనే పొడి అక్షరాలతోనే రాస్తారు. పిల్లల తల్లి. పాములను చేత్తో పట్టుకుంది, దయ్యాల కొంప ప్రదర్శనలో అందరికంటే ముందు నడిచింది. మనకు కావలసిన విశేషం ఇది కాదు. ముక్కూమొహం తెలియని మనిషి ఎంత దగ్గరగా వస్తే నీకు ఇబ్బంది అని పరీక్షించి 2009లో ప్రకటించారు. మామూలు మనుషులు సగటున రెండడుగుల దూరంలో "అక్కడే ఆగండి" అన్నారు. ఈవిడ ఒక అడుగుకు కాస్త అటూఇటూగా గాని అనలేదు. అంటే అమిగ్డలా పాములకే కాదు, పరాయి మనిషి సన్నిధికి కూడా కాపలా కాస్తున్నదన్నమాట. అదీ భయానికి ఏకైక నిలయం మాత్రం కాదు. బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా కలిసిన గాలి పీల్పిస్తే ఇదే మహిళ హడలిపోయిందని 2013లో తెలిసింది.

నలుగురి బెదురు ఉన్నవాళ్ళకు కోపపు మొహాల, ఏవగింపు మొహాల ఫోటోలు చూపించినప్పుడు ఈ బాదంగింజ మిగతావాళ్ళకంటే ఎక్కువగా స్పందిస్తుందని ఎన్నో పరిశోధనల్లో కనబడింది. వాళ్ళ మెదడు పాడైందని దీనికి అర్థం కాదు. కాపలావాడు మరీ అప్రమత్తంగా ఉన్నాడు, పాలవాడిని చూసి కూడా దొంగ దొంగ అని అరుస్తున్నాడు, అంతవరకే.

మరి ఈ కాపలావాడు పుట్టుకతోనే ఇలా ఉంటాడా? హార్వర్డ్‌లో జెరోమ్ కేగన్ అనే మనస్తత్వవేత్త రెండేళ్ళ పిల్లలను చాలా ఏళ్ళు పరిశీలించాడు. కొత్త మనిషి వస్తే ఎదురు వెళ్ళే పిల్లలు కొందరు, తల్లిని కరుచుకుపోయే పిల్లలు కొందరు. మనిళ్ళలో కొంగు చాటున దాక్కుని ఒంటికన్నుతో చూసే పిల్లలు లేరూ, వాళ్ళన్నమాట. ఆ పిల్లలు ఇరవై దాటిన తర్వాత వాళ్ళలో 22 మందికి ఎం.ఆర్.ఐ. తీసి, ఎప్పుడూ చూడని మొహాల ఫోటోలు చూపించారు. రెండేళ్ళప్పుడు కొంగు చాటున దాక్కున్నవాళ్ళ అమిగ్డలా ఇప్పటికీ ఎక్కువ స్పందించింది. 2003లో సైన్స్ పత్రికలో వచ్చిన సంగతి ఇది. మా ఆడపడుచుకు నేను మొట్టమొదట చెప్పింది ఇదే. "నీ పెంపకం వల్ల కాదు, దాని పొగరు వల్లా కాదు. కొంత ఆ పిల్ల కూడా తెచ్చుకున్న స్వభావం." ఆ మాటకు ఆవిడ పెద్దగా నిట్టూర్చింది. అలాగని కొంగు చాటు పిల్లలందరికీ పెద్దయ్యాక ఈ జబ్బు రాదు. చాలామందికి రాదు. స్వభావం ఒక మొగ్గు మాత్రమే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రయోగం చెబుతాను. స్వీడన్ దేశంలో ఉప్సాలా విశ్వవిద్యాలయంలో టోమస్ ఫుర్‌మార్క్, ఆయన తోటివారు చేసి 2002లో ప్రకటించారు. ఇదివరకు ఏ వైద్యమూ పొందని బెదురు మనుషులను 18 మందిని తీసుకున్నారు. ఒక్కొక్కరినీ పెట్ స్కానర్‌లో పడుకోబెట్టారు. సిరలోకి అతికొద్దిగా రేడియోధార్మికత గల నీరు ఎక్కించి, రక్తం మెదడులో ఎటు పారుతోందో చూసే యంత్రం అది. ఆ పడక మీదే, చుట్టూ కొందరు నిలబడి గుడ్లప్పగించి చూస్తుండగా, చిన్న ఉపన్యాసం ఇవ్వాలి! భయపడే మనిషిని భయపడుతున్న క్షణంలోనే పట్టుకున్నారన్నమాట. తర్వాత మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు సిటాలోప్రామ్ అనే మాత్రలు. ఒక జట్టుకు మందు ఏమీ లేదు. ఆలోచనలను సరిదిద్దుకుంటూ, భయపడే పనిని కొంచెం కొంచెంగా చేయించే చికిత్స. మూడో జట్టువారిని కాస్త ఆగండి అన్నారు. తొమ్మిది వారాల తర్వాత మళ్ళీ అదే స్కానరు, మళ్ళీ ఉపన్యాసం.

మాత్రలు వేసుకున్నవాళ్ళకు అమిగ్డలా ప్రాంతంలో రక్తప్రసారం తగ్గింది. వింత లేదు, మందు కదా. మాటలతో, సాధనతో చికిత్స పొందినవాళ్ళకు కూడా అదేచోట తగ్గింది! ఆగినవాళ్ళకు తగ్గలేదు. అంతేకాక, ఎవరికి బాగా తగ్గిందో వాళ్ళే ఏడాది తర్వాత కూడా ఎక్కువ కులాసాగా ఉన్నారు. ఒట్టి మాటలతో ఏమవుతుంది, మందు పడాలి గాని అనేవాళ్ళకు ఇది జవాబు. మాత్రలన్నీ వృథా, మనసు గట్టిచేసుకుంటే చాలు అనే పెద్దమనుషులకూ ఇదే జవాబు. స్వీడన్‌లోనే మరో పరిశోధక బృందం 2016లో ఇంకో మెట్టు ఎక్కింది. తొమ్మిది వారాలు ఇంటర్నెట్ ద్వారా ఇటువంటి చికిత్స పొందినవాళ్ళలో అమిగ్డలా స్పందనతో పాటు దాని పరిమాణం కూడా కాస్త తగ్గిందని చూపించింది. ఇవన్నీ కొద్దిమంది మీద చేసిన ప్రయోగాలే. అయినా దిశ తెలుస్తోంది.

అయితే మరి పటం తీయించుకుంటే తప్పేమిటి అంటారేమో. ఇక్కడే మన మీటరు గుర్తు తెచ్చుకోవాలి. నేను చెప్పిన ప్రయోగాలన్నీ ఒక గుంపు సగటును ఇంకొక గుంపు సగటుతో పోల్చినవి. మగవాళ్ళ సగటు ఎత్తు ఆడవాళ్ళకంటే ఎక్కువ. నిజమే. అయితే తలుపు అవతల ఉన్న మనిషి అయిదడుగుల నాలుగంగుళాలు అని చెబితే ఆడో మగో చెప్పగలరా? అలాగే ఒక పిల్ల పటం చూసి బెదురు ఉందనో లేదనో ఎవరూ తేల్చలేరు. ఈ జబ్బును ఇప్పటికీ డాక్టరు ఎదురుగా కూర్చోబెట్టుకుని, ప్రశ్నలడిగి, ఓపికగా వినే నిర్ణయిస్తాడు. మెదడులో కంతి ఉందా, మూర్ఛ ఉందా అనే అనుమానం వస్తే ఎం.ఆర్.ఐ., ఇ.ఇ.జి. రాస్తారు. అది వేరే విషయం. నన్నడిగితే, గుండెదడా చేతివణుకూ ఉన్న పిల్లకు ముందు థైరాయిడ్ రక్తపరీక్ష చేయించడం తెలివైన పని. అది హద్దు మీరినా ఇవే లక్షణాలు వస్తాయి.

మరకలను చూసి ఎంత మోసపోవచ్చో చెప్పే ఒక చేప కథ ఉంది. అమెరికాలో క్రెయిగ్ బెనెట్ అనే పరిశోధకుడు బజారులో ఒక సాల్మన్ చేపను కొనుక్కొచ్చి ఎం.ఆర్.ఐ. యంత్రంలో పెట్టాడు. చచ్చిన చేప సుమండీ! దానికి నలుగురితో మెలుగుతున్న మనుషుల ఫోటోలు చూపిస్తూ, "ఈ మనిషి మనసులో ఏముందో ఆలోచించు" అని అడిగాడు. కంప్యూటరు మెదడును వేల వేల చిన్న గళ్ళుగా విడగొట్టి లెక్కకడుతుంది. అన్ని గళ్ళలో కాకతాళీయంగా కొన్ని వెలుగుతాయి. వాటిని ఏరివేయడానికి వేయవలసిన జల్లెడ వేయకుండా చూస్తే, చచ్చిన చేప మెదడులో ఎర్రచుక్క కనిపించింది! 2009లో ఈ సంగతి బయటపెట్టి, తోటి శాస్త్రజ్ఞులను జల్లెడ మరవకండి అని హెచ్చరించాడు. 2012లో ఈ పనికి ఇగ్‌నోబెల్ అనే హాస్య బహుమతి కూడా వచ్చింది.

మా మేనకోడలి ఫైలులోని ఎర్ర మరకకు అర్థం, ఫలానా రకం అలలు సగటు కంటే ఎక్కువగా ఉన్నాయని. కళ్ళు ఆర్పినా, నిద్రమత్తున్నా, దవడ బిగించినా ఆ అలల లెక్క మారిపోతుంది. హడలిపోతూ వెళ్ళి కొత్తవాళ్ళ మధ్య కూర్చున్న పిల్ల దవడ బిగించకుండా ఉంటుందా? ఇక ఆ ఇరవైసార్లు చేస్తామన్నది, తెర మీద తన అలలను తానే చూసుకుంటూ మార్చుకునే శిక్షణ. దానిమీద పరిశోధనలు జరుగుతున్నాయి, జరగనివ్వండి. ముందుగా డబ్బు కట్టవలసిన వైద్యం మాత్రం అది కాదని చెప్పాను.

పటాలు రేపటికి పనికొస్తాయనే ఆశ లేకపోలేదు. బోస్టన్ ప్రాంతంలో 39 మంది రోగుల మీద చేసి 2013లో ప్రకటించిన పరిశోధన ఒకటుంది. చికిత్సకు ముందే వాళ్ళకు కోపపు మొహాలు చూపించి పటాలు తీశారు. తర్వాత అందరికీ సాధన చికిత్స ఇచ్చారు. మెదడు వెనుకభాగంలో, చూపుకు సంబంధించిన చోట్ల ఎక్కువ స్పందన ఉన్నవాళ్ళకు చికిత్స బాగా గుణమిచ్చింది. ఎవరికి మాటలు పనిచేస్తాయి, ఎవరికి మందు ముందు ఇవ్వాలి అనేది రేపెప్పుడో పటం చూసి చెప్పవచ్చు. ఇవాళ్టికది పరిశోధనశాల గడప దాటలేదు.

గడప దాటినది చికిత్స. బ్రిటన్‌లో 2013లో వెలువడిన వైద్య మార్గదర్శకాలు, ఈ బెదురున్న పెద్దవాళ్ళకు మొదట ఇవ్వవలసింది ఆలోచనా-ఆచరణ చికిత్సేనన్నాయి. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అని మీరు వినే ఉంటారు. పేరు పెద్దది గాని పని ఇంట్లో వంట నేర్పినట్టే ఉంటుంది. చూపించి, చేయించి, మళ్ళీ చేయించడం. ఈ మనుషులు తమను కాపాడుకోవడానికి కొన్ని చిట్కాలు పెట్టుకుంటారు. కప్పు రెండు చేతులతో బిగించి పట్టుకోవడం, కళ్ళలోకి చూడకపోవడం, ప్రతి వాక్యం లోపల ఒకసారి వల్లించుకుని గాని బయటికి అనకపోవడం. తమాషా ఏమిటంటే కప్పు బిగించిన కొద్దీ చెయ్యి ఎక్కువ వణుకుతుంది. వాక్యం వల్లించుకుంటూ ఉంటే ఎదుటివాళ్ళ మాట వినపడదు, వాళ్ళకు మనం ముభావంగా కనిపిస్తాం. "పొగరు" అనే మాట పుట్టేది అక్కడే. డేవిడ్ క్లార్క్ అనే ఆంగ్ల మనస్తత్వవేత్త పద్ధతిలో రోగి చేత ఒక సంభాషణ ఈ చిట్కాలతో ఒకసారి, చిట్కాలన్నీ వదిలేసి ఒకసారి చేయించి, రెండూ వీడియో తీసి చూపిస్తారు. తాను అనుకున్నంత ఘోరంగా లేనని మనిషి తన కళ్ళతో తానే చూసుకుంటాడు.

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల చేత, వాళ్ళు సిగ్గుపడే ఒక పాతపాటగాడి బొమ్మ ఉన్న బనీను తొడిగించి, తోటివాళ్ళు కూర్చున్న గదిలోకి పంపారు. గదిలో సగంమంది తన బనీను చూసి ఉంటారని వేసుకున్న పిల్లలు అనుకున్నారు. నిజంగా గమనించింది పావువంతు మంది. థామస్ గిలోవిచ్ బృందం 2000లో ప్రకటించిన ఈ ప్రయోగం గురించి చెప్పినప్పుడు మా మేనకోడలు మొదటిసారి నవ్వింది.

మందుల గురించి రెండు ముక్కలు. సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్ వంటివి మానసిక వైద్యులు రాస్తారు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. తగ్గింది కదా అని చటుక్కున మానకూడదు. పక్కింటావిడ దగ్గరున్న నిద్రమాత్ర ఒకటి అడిగి వేసుకుని ఫంక్షనుకు వెళ్ళడం మాత్రం వద్దు. దానికి అలవాటు పడితే అదొక జబ్బు.

ఇంట్లోవాళ్ళం చేసే పొరపాట్లు రెండు. "వెళ్ళు, వెళ్ళి అందరిముందూ ఒక పాట పాడు" అని ఒక్కసారిగా నూతిలోకి తోసినట్టు తోయడం ఒకటి. పిల్ల తరఫున మనమే ఫోనులు చేసి, మనమే జవాబులు చెప్పి, కొంగు చాటునే ఉంచేయడం రెండోది. మా ఆడపడుచు రెండోది చేసింది, మా అన్నయ్యగారు మొదటిది చేశారు. ఇద్దరిదీ ప్రేమే. వచ్చినవాళ్ళముందు "మా పిల్లకి సిగ్గండీ" అని పరిచయం చేయడం కూడా మానుకోవాలి. ఆ మాట విన్నకొద్దీ పిల్ల అందులోనే ఇమిడిపోతుంది.

ఎవరిని అడగాలో తెలియకపోతే, కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలిమానస్ ఉంది. నంబరు 14416. రాత్రీపగలూ పనిచేస్తుంది, డబ్బు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. తెలియనివాళ్ళకు ఫోను చెయ్యడమే భయం కదా అంటారా? మొదటిసారి మీరు చేసి, రెండోసారి పిల్ల చేతికివ్వండి.

మా మేనకోడలు ఇప్పుడు ఒక సైకాలజిస్టు దగ్గరికి వారానికొకసారి వెళుతోంది. ఇద్దరూ కలిసి ఒక నిచ్చెన రాసుకున్నారు. అడుగుమెట్టు, కిరాణాకొట్లో కందిపప్పు ధర అడిగి కొనకుండా వచ్చేయడం. తర్వాతది, క్లాసులో ఒక సందేహం అడగడం. ఆ పైది, ఇంటికొచ్చిన ఇద్దరికి కాఫీ ఇస్తూ కావాలని సాసరులో రెండు చుక్కలు ఒలకబోయడం. చిట్టచివరి మెట్టు, వచ్చే శ్రావణంలో పేరంటాలందరికీ పసుపు రాయడం. ఒక్కో మెట్టు మీద గుండెదడ దానంతటదే తగ్గేదాకా నిలబడాలి, మధ్యలో పారిపోకూడదు. అదీ నియమం. రెండు మెట్లు జారి మళ్ళీ ఎక్కింది.

పోయిన శుక్రవారం మధ్యమెట్టుగా పక్కవాటాలోని ముత్తైదువులిద్దరిని పిలిచి వాళ్ళకు పసుపు రాసింది. ఆ రాత్రి ఫోను చేసి చెప్పింది. చెయ్యి వణికిందిట. ఒకావిడ పాదాలమీద కంటే నేలమీదే ఎక్కువ పసుపు పడిందిట. "మరి ఆవిడేమందే?" అన్నాను. "ఆవిడ చూడనేలేదు అత్తయ్యా. అమ్మతో గ్యాసుబండ సంగతి మాట్లాడుతూనే ఉంది" అంది.